దారి తప్పిన ఆదివారం, గుమ్మం దగ్గర రెండు మాటలు

ప్రశ్న:

మాకు పెళ్లయి ఏడాదిన్నర అయింది. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. మొదట్లో సెలవు దొరికితే చాలు, ఎక్కడికో ఒకచోటికి వెళ్లేవాళ్లం. ఎక్కడికన్నది కూడా బండి తీశాకే అనుకునేవాళ్లం. ఇప్పుడు సెలవంటే బట్టలు, సరుకులు, ఆ తర్వాత సోఫాలో ఆయన ఒక చివర, నేను ఇంకో చివర కూర్చుని ఎవరి ఫోను వాళ్లం చూసుకోవడం.

మూడు నెలల క్రితం నేనే పట్టుబట్టి, ఊరికి దూరంగా ఉన్న ఒక జలాశయం చూద్దామని ఆయన్ని బయల్దేరదీశాను. 'మబ్బు పట్టింది, ఇంకోసారి వెళ్దాం' అన్నారు. నేను వినలేదు. మ్యాప్‌లో కనిపించిన అడ్డదారిలో వెళ్తే అదంతా బురద. బండి కూరుకుపోయింది. నా చెప్పు బురదలో ఇరుక్కుంటే ఆయన ఎక్కడినుంచో కర్ర తెచ్చి లాగారు. కాసేపు నవ్వుకున్నాం కూడా. తర్వాత వాన. ఇద్దరి ఫోన్లలోనూ చార్జింగ్ అయిపోయింది. జలాశయం చూడనే లేదు. చీకటి పడ్డాక తడిసి ముద్దయి ఇల్లు చేరాం. దారంతా ఆయన నోరు మెదపలేదు. గుమ్మం దగ్గర తాళం తీస్తూ 'నేను ముందే చెప్పాను' అన్నారు. నాకు ఒళ్లు మండి 'ఇంకెప్పుడూ నిన్ను ఎక్కడికీ రమ్మని అడగను' అన్నాను. నిజంగానే మళ్లీ అడగలేదు. ఆయనా అడగలేదు.

పెద్ద గొడవలేం లేవు. ఆయన మంచివారే. కాకపోతే ఇంటి పనంతా నా మీదే పడుతోందని నాకు, తనే ఎక్కువ చేస్తున్నానని ఆయనకు. స్నేహితుల ఫొటోలు చూస్తే ప్రతి వారం ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట సంతోషంగా ఉంటారు. మా కాపురం ఇంత తొందరగా చప్పబడిపోయిందా? మళ్లీ మొదటి రోజుల్లా ఉండాలంటే ఏం చేయాలి?

— ఒక పాఠకురాలు

జవాబు:

ఏడాదిన్నర కాపురం గురించి నాలుగు ముక్కలు రాసి, ఒక్క ఆదివారానికి సగం ఉత్తరం ఇచ్చారు మీరు. అందులో బురద ఉంది, వాన ఉంది, చీకటి ఉంది. అయినా ఆ రోజును మీరు తిట్టుకోలేదు. జలాశయం చూడలేదన్న బాధ కూడా పెద్దగా లేదు. ఆయన కర్ర వెతికి తెచ్చి చెప్పు లాగిన సంగతి మాత్రం గుర్తుపెట్టుకుని మరీ రాశారు. అంటే తాళం తీసే దాకా అది మీకు చెడ్డ రోజు కాదు. చెడగొట్టినవి గుమ్మం దగ్గర నడిచిన రెండు మాటలు. ఆయనది ఒకటి, మీది ఒకటి. కాపురం చప్పబడిందో లేదో తర్వాత చూద్దాం. ముందు ఈ రెండు మాటల సంగతి తేలాలి. నన్నడిగితే చిక్కంతా అక్కడే ఉంది.

'నేను ముందే చెప్పాను' అనే మాటతో వచ్చే చిక్కేమిటంటే, చాలాసార్లు అది నిజమే. ఆయన నిజంగానే చెప్పారు. మబ్బు పట్టింది, వాన పడింది. కాదనడానికి మీకేమీ మిగల్లేదు. అబద్ధమైతే వాదించి గెలిచేవారు, అంత ఒళ్లు మండేది కాదు. అయితే ఆ మాట ఇంకో పని కూడా చేసింది. అప్పటిదాకా ఇద్దరి మీదా పడిన వానను తీసుకెళ్లి ఒక్క మీ నెత్తిన పెట్టింది. ఇద్దరూ కలిసి ఇరుక్కున్నారన్నది పోయి, మీరు ఇరికిస్తే ఆయన ఇరుక్కున్నారన్నట్టు తయారైంది. అంతకుముందు నవ్వుకున్న నవ్వు కూడా దాంతోపాటే కొట్టుకుపోయింది.

కాసేపు ఆయన వైపు నుంచి చూడండి. బండి నడుపుతున్నది ఆయన. జారే దారి, చీకటి, వెనక మీరు, జేబులో పనిచేయని ఫోను. దారంతా మాట్లాడని మనిషిని చూసి కోపంగా ఉన్నాడనుకోవడం సహజం. కానీ చాలామందికి, ఆడవాళ్లయినా మగవాళ్లయినా, 'భయమేసింది' అనడం కంటే 'ముందే చెప్పాను' అనడం సులువు. మీవారు భయపడ్డారని నేను తేల్చి చెప్పడం లేదు. అడగమంటున్నాను. ఈ మూడు నెలల్లో ఆ ఒక్క ప్రశ్న మీ ఇద్దరి మధ్యా వచ్చినట్టు లేదు. వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. భయపడ్డా సరే, తడిసి వణుకుతున్న మనిషితో గుమ్మంలోనే అనాల్సిన మాట కాదది.

ఇక మీ మాట. 'ఇంకెప్పుడూ అడగను' అని కోపంలో ఎవరైనా అంటారు. మీరు మాత్రం దాన్ని నిలబెట్టుకున్నారు. కోపంలో అన్న మాట మీద నిలబడటం అంత పాడు పట్టుదల ఇంకోటి లేదు. మొదట్లో 'ఎక్కడికైనా పోదాం పద' అనేది మీరే అయి ఉంటారని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఆ మనిషి అడగడం మానేస్తే ఇంట్లో ఏమవుతుంది? ఆయన అడగాలి. ఆయనకేమో అడిగితే 'ఇప్పుడు గుర్తొచ్చానా' అంటారేమోనని సంకోచం అయి ఉండొచ్చు. అలా ఎవరికి వారే యమునా తీరే అయిపోయింది. చప్పదనం అని మీరు పేరు పెట్టిన దాంట్లో సగం పంతమే.

జంటలు తమ గతాన్ని ఎలా చెప్పుకుంటాయో చూసి ముందు ముందు ఎలా ఉంటాయో కొంతవరకు ఊహించవచ్చా అని అమెరికాలో కిమ్ బ్యూల్‌మన్, జాన్ గాట్‌మన్ బృందం పరిశీలించింది. 1992లో అచ్చయిన ఆ అధ్యయనంలో 52 జంటలున్నాయి. ఎలా కలిశారు, పెళ్లి ఎలా జరిగింది, కష్టమైన రోజులు ఏవి, వాటిలోంచి ఎలా బయటపడ్డారు, ఇలాంటివే అడిగారు. జరిగిన కష్టం ఎంత పెద్దది అన్నదాని కంటే, దాన్ని ఎలా చెబుతున్నారన్న దాని మీద పరిశోధకులు దృష్టి పెట్టారు. 'మేం అలా ఇరుక్కున్నాం, ఇలా గట్టెక్కాం' అని ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ చెప్పినవాళ్లు ఒక రకం. తన వల్ల ఇలా అయింది అనో, ఏదో వచ్చి మీద పడింది, మా చేతుల్లో ఏముంది అనో చెప్పినవాళ్లు ఇంకో రకం. మూడేళ్ల తర్వాత ఎవరు విడిపోయారో చూస్తే, మొదటిసారి చెప్పిన తీరులోనే చాలావరకు దాని జాడ ఉంది.

మీ ఇద్దరి దగ్గరా ఇప్పుడు ఒకే రోజుకి రెండు కథలున్నాయి. ఆయన కథలో ఆయన హెచ్చరించారు, మీరు వినలేదు. మీ కథలో మీరు సరదాగా తీసుకెళ్లారు, ఆయన మూతి ముడుచుకున్నారు. ఈ రెండూ పక్కన పెట్టి, 'మేం' అని మొదలయ్యే మూడో కథ ఒకటి తయారు చేసుకోవాలి. దానికి కావలసిన సరుకంతా మీ దగ్గరే ఉంది. ఒంటి చెప్పుతో బురదలో నిలబడిన మీరు, కర్ర పట్టుకుని ఆయన. పదేళ్ల తర్వాత ఎవరికైనా చెప్పుకోవడానికి జలాశయం కంటే అదే బాగుంటుంది. నీళ్లు అందరూ చూసినవే.

ఇప్పుడు మీ ప్రశ్నకొస్తాను. కాపురం చప్పబడిందా?

కొంచెం గాడిలో పడింది. అది జబ్బేం కాదు. పెళ్లయిన కొత్తలో ఎదుటి మనిషే ఒక కొత్త ఊరు. ఏం ఇష్టం, దేనికి చిరాకు, పొద్దున్నే లేస్తే ఎలా ఉంటారు, అన్నీ రోజూ బయటపడుతుంటాయి. ఎక్కడికీ వెళ్లకపోయినా ఏదో ఒకటి కొత్తగా తెలుస్తూనే ఉంటుంది. ఏడాదిన్నరకి అందులో చాలావరకు తెలిసిపోతుంది. అప్పటి నుంచి కొత్తదనం దానంతట అది రాదు, ఇద్దరూ పూనుకుని తెచ్చుకోవాలి. మనస్తత్వ శాస్త్రవేత్త ఆర్థర్ ఏరన్ ఏళ్ల తరబడి పట్టుకు కూర్చున్న విషయం ఇదే. ఆయన సహ పరిశోధకులతో కలిసి 1993లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 53 జంటలు పాల్గొన్నాయి. కొందరిని వారానికి గంటన్నర చొప్పున పది వారాల పాటు, తమకు ఉత్సాహంగా అనిపించే పనులు కలిసి చేయమన్నారు. ఇంకొందరిని హాయిగా ఉండే, అలవాటైన పనులు చేయమన్నారు. మిగిలినవాళ్లకి ఏమీ చెప్పలేదు. పది వారాలయ్యాక దాంపత్యం మీద తృప్తి ఎక్కువ పెరిగింది ఉత్సాహం జట్టుకే. హాయి జట్టుకి అంతగా పెరగలేదు.

అంతకంటే నాకు నచ్చిన ప్రయోగం 2000 సంవత్సరంలో వాళ్లే ప్రచురించినది. భార్యాభర్తల మణికట్లు, చీలమండలు కలిపి పట్టీలతో కట్టేసి, చాపల మీద మోకాళ్లూ చేతులతో పాకుతూ వెళ్లమన్నారు. మధ్యలో ఒక అడ్డు, అది దాటాలి. ఒక దిండును చేత్తో పట్టుకోకుండా ఇద్దరి మధ్యా ఇరికించి మోసుకెళ్లాలి. ఇదంతా ఒక పెద్ద గదిలో కొద్ది నిమిషాల ఆట. దాని తర్వాత ఆ జంటలు తమ బంధం గురించి ముందుకంటే మెరుగ్గా చెప్పారు. నెమ్మదిగా, చప్పగా ఉండే పని ఇచ్చిన జంటల్లో అంత తేడా రాలేదు.

ఆ ఆటలో ఏముంది చెప్పండి? చూడదగ్గ చోటు లేదు. ఫొటో దిగితే నవ్వులపాలు. ఉన్నదల్లా కొత్తగా ఉండటం, కాస్త కష్టంగా ఉండటం, ఒకరు లేకుండా ఇంకొకరు చేయలేకపోవడం. బురదలో కూరుకుపోయిన బండిని ఇద్దరూ కలిసి బయటికి లాగడంలో ఉన్నవీ అవే. మీకు కావలసింది మీకు ఆ రోజు దొరికింది. గుమ్మం దాకా తీసుకొచ్చి అక్కడ పారేసుకున్నారు.

1993 నాటి అధ్యయనంలో ఇంకో సంగతి మీకు పనికొస్తుంది. ఏది ఉత్సాహం, ఏది హాయి అన్నది పరిశోధకులు నిర్ణయించలేదు. భార్యాభర్తలు విడివిడిగా చెప్పిన దాన్ని బట్టి ఎంచారు. మీరూ అలాగే చేయండి. చెరొక కాగితం తీసుకుని, ఒకరికి చూపించకుండా ఒకరు, చేయాలని ఉండీ చేయనివి రాసుకోండి. తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. మీకు సరదాగా తోచేది ఆయనకు టెన్షన్ కావచ్చు. ఆయన రాసింది మీకు సాహసంలా కనిపించకపోవచ్చు. ఒక పాత రేడియో విప్పి బాగుచేయడం రాశారనుకోండి, 'ఇదేం సరదా' అనకండి. రేడియో గురించి ఏమీ తెలియని మీకు అదీ కొత్త చోటే.

ఇక అసలు పని. మీ ఇంట్లో ఒకరు ప్లాన్ చేసే మనిషి, ఒకరు బయల్దేరే మనిషి. ఇలాంటి జంటలు బాగానే నడుస్తాయి, ప్రతిసారీ ఇద్దరూ కలిసి నిర్ణయించాలనుకోనంతవరకు. కలిసి నిర్ణయించడం అంటే వినడానికి బాగుంటుంది. జరిగేది మాత్రం, ఒకరు అడగడం, ఇంకొకరు సందేహాలు చెప్పడం, చివరికి ఎవరో ఒకరు అయిష్టంగా ఒప్పుకోవడం. అయిష్టంగా ఒప్పుకున్న మనిషి ఏదైనా తేడా వస్తే చెప్పడానికి ఆ మాటను జేబులో పెట్టుకునే బయల్దేరతాడు.

కాబట్టి వంతులు వేసుకోండి. ఒక వారం మీది, ఇంకో వారం ఆయనది. మీ వంతు రోజున ఎక్కడికి, ఏ దారిన, ఎంతసేపు అన్నది మీ ఇష్టం. ఆయన వెనక నుంచి దారి చెప్పకూడదు. ఆయన వంతు రోజున ఆయన నిమిషాల లెక్కన ప్లాన్ వేసినా, మీరు నిట్టూర్చకుండా ఆ ప్రకారం నడవాలి. వంతు ఎవరిదైతే వాళ్లకి తప్పు చేసే హక్కు కూడా ఉంటుందని ఇద్దరూ ముందే ఒప్పుకోండి. దారి తప్పొచ్చు, వెళ్లిన చోటు మూసేసి ఉండొచ్చు, మధ్యాహ్నమంతా వృథా కావచ్చు. దానికి ఆ రోజుగానీ, తర్వాత ఎప్పుడో గొడవలోగానీ లెక్క అడగకూడదు. ఈ చివరి ముక్క అన్నింటికంటే కష్టం. అందుకే దాన్ని నోటితో పైకి అనుకోండి.

అలాగని ఆయన సందేహాలన్నీ కొట్టిపారేయమని కాదు. జాగ్రత్త పడే మనిషి ఇంట్లో ఉండటం అదృష్టం, ముఖ్యంగా మీలాంటి వాళ్లకి. వంతు మీదైనా బయల్దేరే ముందు ఆయన అడిగే షరతులు కొన్ని వినండి. ఎన్ని గంటలకి వెనక్కి తిరగాలి అన్నది అందులో మొదటిది. ఎవరెస్ట్ ఎక్కేవాళ్లు శిఖరానికి బయల్దేరే రోజున ఇలాంటి గడువు ఒకటి పెట్టుకుంటారు. మధ్యాహ్నం ఒంటిగంటో, రెండో అనుకుంటారు. ఆ వేళ దాటితే శిఖరం కనుచూపు మేరలో ఉన్నా తిరిగి దిగాల్సిందే. చేరామా లేదా అన్నది కాదు, వెలుతురు ఉండగా దిగగలమా అన్నది ముఖ్యం. మీకూ ఆ గడువు ఉంటే ఆ రోజు మొదటి బురద గుంట దగ్గరే వాచీ చూసుకుని వెనక్కి తిరిగేవారు, ఆయన కూడా అంత బిగుసుకుపోయేవారు కాదు.

మ్యాప్ సంగతి కూడా. ఫోనులోని జీపీఎస్, మొబైల్ సిగ్నల్ లేని చోట కూడా మీరెక్కడున్నారో చెప్పగలదు, అది ఉపగ్రహాల నుంచి నేరుగా అందుకుంటుంది కాబట్టి. చుట్టూ దారులు కనిపించాలంటే మాత్రం ఆ ప్రాంతం మ్యాప్‌ను ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని ఉండాలి. ఇద్దరూ ఒకేసారి మ్యాప్ తెరిచి ఉంచితే రెండు ఫోన్లూ ఇంచుమించు ఒకేసారి ఆగిపోతాయి. ఒకటి ఆపేసి లోపల పెట్టండి. మ్యాప్‌కి దూరం తెలుస్తుంది గానీ వానకి ఆ దారి ఏమవుతుందో తెలియదు. దగ్గరిదారి కనిపిస్తే, ఆ దారిన వస్తున్న మనిషిని ఒక్కమాట అడగండి. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లోవాళ్లకో స్నేహితులకో ఒక మెసేజ్ పెట్టండి. ఇవన్నీ ఆయన చూసుకుంటానంటే చూసుకోనివ్వండి. ప్లాన్ చేసే మనిషికి చార్జర్లు సర్దుకోవడంలో ఉండే తృప్తి మనకి అర్థం కాదు.

ఇన్ని చేసినా తేడా వస్తుంది. వచ్చినప్పుడు మొదటి గంటలో ఎవరేమన్నారన్నదే ఆ రోజు ఎలా మిగలాలో నిర్ణయిస్తుంది. ఆ గంటలో ఎందుకిలా అయిందన్న చర్చ పెట్టకండి. ముందు ఒంటి సంగతి చూసుకోండి. తువ్వాలు, పొడిబట్టలు, కడుపులోకి ఏదైనా వేడిగా. తడిసి ఆకలిమీద ఉన్న ఇద్దరు మనుషులు న్యాయం మాట్లాడుకోవడం మొదలుపెడితే అది చిలికి చిలికి గాలివాన అవుతుంది. లోపాలు మాట్లాడుకోవాలనుకుంటే మర్నాడు సాయంత్రం మాట్లాడుకోండి. అప్పటికి చాలావాటికి మాట్లాడేంత విలువ మిగలదు. ఆయన అలవాటు కొద్దీ మళ్లీ 'ముందే చెప్పాను' అన్నారనుకోండి. 'అవును, చెప్పావు. నీ మాటే నిజమైంది' అనేయండి. ఒప్పేసుకున్న మనిషితో వాదన ఎంతోసేపు సాగదు. అది ఓడిపోవడం కాదు. మబ్బు గురించి ఆయన చెప్పింది నిజమే కదా.

ఇంటి పని గురించి రెండు వాక్యాలతో సరిపెట్టారు గానీ, ఆదివారాలను తినేస్తున్నది అదేనని నా అనుమానం. మైకేల్ రాస్, ఫియోర్ సికోలీ అనే పరిశోధకులు 1979లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. 37 జంటలను తీసుకుని, ఇంట్లో జరిగే 20 రకాల పనుల్లో ఎవరి వాటా ఎంతో భార్యనీ భర్తనీ విడిగా అడిగారు. ఇద్దరూ చెప్పిన వాటాలు కలిపితే చాలా పనుల్లో నూటికి నూరు దాటిపోయింది. అబద్ధాలాడటం వల్ల కాదు. మనం చేసిన పని మన కళ్లముందు జరుగుతుంది, నడుం నొప్పితో సహా గుర్తుంటుంది. ఎదుటివాళ్లు చేసింది, చేసేశాక కనిపిస్తుంది, ఒక్కోసారి కనిపించదు. ఇందులో తమాషా ఏమిటంటే, గొడవలు మొదలుపెట్టడం లాంటి చెడ్డ పనుల్లో కూడా ఎవరికి వాళ్లు తమ వాటా ఎక్కువే చెప్పుకున్నారు. అంటే గొప్ప కోసం చేసిన లెక్క కాదది, గుర్తుండేదాన్ని బట్టి చేసిన లెక్క.

దీన్నిబట్టి మీ ఇంట్లో పని సమానంగానే జరుగుతోందని నేననను. చాలా ఇళ్లలో ఎక్కువ పని భార్య మీదే పడుతోంది, మీ ఇల్లూ అలాంటిదే కావచ్చు. ఊహతో వాదించుకోకుండా ఒక వారం కాగితం మీద పెట్టండి. గోడకి ఒక కాగితం అంటించి, పని చేసినవాళ్లు అప్పటికప్పుడు రాయాలి. 'గ్యాస్ అయిపోతోందని గుర్తుపెట్టుకోవడం' లాంటివి కూడా రాయండి. చేతితో చేసే పని కంటే బుర్రలో మోసే పని ఎక్కువ బరువు, దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. వారం తర్వాత తేడా స్పష్టంగా ఉంటే పని మార్చుకోండి. కాగితం చేసే న్యాయం కేకలు వేస్తే రాదు.

బట్టల కుప్ప గదిలో ఉండగా ఎంత మంచి చోటికి వెళ్లినా మనసులో ఆ కుప్పే ఉంటుంది. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ కలిసి ఒక గంట పని చేసేసి, మిగిలింది మిగిలినట్టు వదిలేసి బయల్దేరండి. ఒక రోజు పనులు తారుమారు చేసి చూడండి కూడా, ఎప్పుడూ మీరు చేసేది ఆయన, ఆయన చేసేది మీరు. సలహాలు చెప్పకుండా అవతలివాళ్లని చేయనివ్వడం కొండ ఎక్కడం కంటే కష్టమైన సాహసమని చేసినవాళ్లకి తెలుస్తుంది.

చిన్న సాహసాలు ఎలాంటివి అంటారా? దూరం అక్కర్లేదు. తెలియని బస్సెక్కి చివరి స్టాపులో దిగి వెనక్కి రావడం. రోజూ పక్కనుంచి వెళ్లే సందులోకి ఒకసారి తిరగడం. ఇద్దరికీ రానిది ఏదైనా, ఈతో సైకిలు రిపేరో, మొదటి నుంచి కలిసి నేర్చుకోవడం. ఒకరికి వచ్చింది ఇంకొకరికి నేర్పే పని మాత్రం కొన్నాళ్లు పెట్టుకోకండి, ముఖ్యంగా బండి నడపడం. ఇద్దరూ రానివాళ్లయితేనే ఇద్దరూ సమానం.

సోఫా దగ్గర ఇంకొక్క మాట. ఫోన్లు పక్కన పెట్టాలని రూలు పెట్టకండి, రెండు రోజుల్లో అదొక గొడవ అవుతుంది. ఆయన 'ఇది చూడు' అని ఫోను మీ వైపు తిప్పితే తలెత్తి చూడండి, అంతే. గాట్‌మన్ బృందం కొత్త దంపతులను ఇల్లులాంటి ఒక ప్రయోగశాలలో ఉంచి ఇలాంటి పిలుపులనే లెక్కపెట్టింది. కిటికీలోంచి ఏదో చూపించడం, ఒక జోకు చదివి వినిపించడం, ఊరికే ఒక నిట్టూర్పు. ఆరేళ్ల తర్వాత కలిసి ఉన్న జంటలు మొదట్లో అలాంటి పిలుపులకు నూటికి 86 సార్లు స్పందించినవాళ్లు. విడిపోయినవాళ్లు స్పందించింది 33 సార్లు. ఆయన చూపించే వీడియో మీకు నచ్చాలని లేదు. మొహం చూసి ఒక మాట అంటే చాలు.

స్నేహితుల ఫొటోల గురించి ఎక్కువ చెప్పను. మీరూ ఆ రోజు బురదలో దిగేముందు ఒక ఫొటో తీసి పెట్టి ఉంటే, దాన్ని చూసి ఇంకెవరో మీలాగే ఉత్తరం రాసేవారు.

మాట ఎలా మొదలుపెట్టాలో తోచక ఆగిపోతున్నారేమో. అమెరికాలోనే నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలీ ఫింకెల్ బృందం 2013లో ఒక చిన్న ఉపాయం చెప్పింది. 120 జంటలను రెండేళ్లు గమనించారు. రెండో ఏడాది సగం మందిని, తమ మధ్య జరిగిన పెద్ద తగాదాను ఇద్దరి మంచీ కోరే మూడో మనిషి చూస్తే ఎలా చెబుతాడో అలా రాయమన్నారు. ఒక్కోసారికి ఏడు నిమిషాలు, ఏడాదికి మూడుసార్లు. రాయనివాళ్లలో దాంపత్య తృప్తి తగ్గుతూ పోతే, రాసినవాళ్లలో ఆ తగ్గుదల ఆగింది. మీరు ఆ గుమ్మం దగ్గరి ఘట్టాన్ని అలా రాసి చూడండి. మిమ్మల్నిద్దరినీ ఇష్టపడే మనిషి ఎవరో ఎదురింటి మెట్ల మీద కూర్చుని చూశారనుకోండి. తడిసిపోయి ఇద్దరు పిల్లలు తాళం కోసం తడుముకుంటూ ఒకరినొకరు కసురుకుంటున్నట్టు కనిపించి ఉంటారు.

తర్వాత ఆయనతో మాట్లాడండి. సోఫాలో ఫోన్లు చూస్తున్నప్పుడు కాదు, తాడో పేడో అన్నట్టు ఎదురుగా కూర్చోబెట్టి కాదు. ఎక్కడికైనా పక్కపక్కన నడుస్తూ వెళ్లేటప్పుడు. 'ఆ రోజు బండి నడుపుతుంటే భయమేసిందా?' అని అడగండి. ఆయనేం చెప్పినా మధ్యలో అందుకోకండి. తర్వాత 'అడగనని అన్నాను గానీ, నాకు వెళ్లాలనే ఉంది' అని చెప్పండి. అంతకుమించి ఆ రోజు ఏమీ తేల్చక్కర్లేదు. మొదటిసారి ఆయన 'ఊఁ' అని ఊరుకోవచ్చు. ఊరుకోనివ్వండి, మీవారు మాటల మనిషిలా లేరు.

ఒక్క హెచ్చరిక. నేను రాసిందంతా మీరు చెప్పినట్టు ఆయన మంచివారే అన్న నమ్మకంతో రాసింది. ఆ మౌనం రోజుల తరబడి శిక్షలా సాగుతున్నా, ఎక్కడికి వెళ్లాలన్నా అనుమతి తీసుకోవాల్సి వస్తున్నా, కోపమొస్తే మీకు భయమేస్తున్నా అది వేరే సంగతి. అప్పుడు వంతులూ కాగితాలూ పనికిరావు. నమ్మకమైన పెద్దవాళ్లతోనో, కుటుంబ సలహాదారుతోనో మాట్లాడాలి.

డబ్బు గురించి మీరు రాయలేదు గానీ ముందే ఒకటి అనుకోండి. వంతు రోజు ఖర్చుకి ఒక చిన్న మొత్తం పక్కన పెట్టుకుని, అందులో ఎవరెంత ఎందుకు ఖర్చుపెట్టారని అడగొద్దు. దాటితే మాత్రం ఇద్దరూ అనుకోవాలి.

మొదటి వంతు ఆయనకివ్వండి. కిందటిసారి నిర్ణయించింది మీరే కాబట్టి అది న్యాయం. ఆయన ఉదయం ఆరింటికి లేపి, గంట గంటకీ ఏం చేయాలో రాసిన కాగితం చేతికివ్వొచ్చు. లేదా 'ఈ ఆదివారం ఎక్కడికీ వద్దు, మధ్యాహ్నం పడుకుందాం' అనొచ్చు. అదీ ప్లానే. గొణక్కుండా పడుకోండి. పై వారం వంతు మీది.